కార్డు కొనేముందు.. సెట్టింగ్స్ చూడండి!

గేమ్ ఆగి ఆగి నడుస్తోందని కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనేద్దామనుకుంటున్నారా? ఒక్క నిమిషం! నన్నెవరు అడిగినా ముందు సెట్టింగ్స్ చూడమంటా. అన్నీ ‘లో’లో పెట్టేస్తే బొమ్మ వెలవెలబోతుంది. అందుకే నేను షాడోస్, రిఫ్లెక్షన్స్‌తో మొదలుపెడతా. కార్డుకి ఎక్కువ పని పెట్టేది సాధారణంగా అవే. కాస్త తగ్గించినా ఆటలో పడ్డాక పెద్దగా తెలియదు. టెక్స్‌చర్స్ జోలికి వెంటనే వెళ్లను. వీడియో మెమరీ సరిపడా ఉంటే వాటిని ‘హై’లో ఉంచినా వేగం అంతగా తగ్గదు.

చివరి అస్త్రం రిజల్యూషన్. 1080పీలో ఒక్కో ఫ్రేమ్‌కి దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లు, 720పీలో 9.2 లక్షలే. కార్డుకి భారం తగ్గుతుంది కానీ బొమ్మ మసకబారుతుంది. ఇంత తగ్గించినా వేగం పెరగలేదా? అయితే అడ్డం ప్రాసెసర్ దగ్గర ఉండొచ్చు. అప్పుడు వేలు పోసి కొత్త కార్డు తెచ్చినా ఆట మారదు!