పిడి సన్నమైతే పట్టు బిగుస్తుంది: పళ్ల డాక్టరుకూ తప్పని తంటా

కొడవలి పిడి చేతికి కుదరకపోతే కోతకు వెళ్లినవారికి మధ్యాహ్నానికే బొబ్బలెక్కుతాయి. పళ్ల డాక్టర్లకూ ఇలాంటి బాధే ఉంది. కాకపోతే వారి పనిముట్టు పిడి పెన్సిలంతే ఉంటుంది.

పళ్లకు పట్టిన గారను గీకి తీసే పనిముట్టును స్కేలర్ అంటారు. కొసన వంపు తిరిగిన చిన్న పదును, వెనుక పిడి. డాక్టరు దీన్ని కలం పట్టినట్టు మూడు వేళ్లతో పట్టుకుంటారు. ఉంగరపు వేలిని పక్క పన్నుమీద ఆనించి గీకుతారు. ఆ ఆనిక తప్పితే పదును జారి చిగురుకు గాయమవుతుంది.

పిడి మరీ సన్నగా ఉంటే వేళ్ల మధ్య తిరిగిపోతుంది. తిరగకుండా నొక్కి పట్టాలి. చేతికి తొడుగు, దానిమీద ఉమ్మి తడి... ఇంకాస్త బిగించాలి. ఏళ్ల తరబడి ఇలా బిగిస్తే మణికట్టులో నరం నలిగి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఈ వృత్తిలో ఇది కొత్త జబ్బేమీ కాదు.

కుర్చీలో కూర్చున్నవారికీ ఇందులో నష్టముంది. చిగురు కింద దాగిన గార కంటికి కనపడదు. పిడి గుండా వేళ్లకు తగిలే గరుకును బట్టే కనిపెట్టాలి. బిగుసుకుపోయిన వేళ్లకు ఆ గరుకు సరిగా అందదు. అందుకే వెదికేటప్పుడు పట్టు వదులుగా ఉంచి, గీకే క్షణంలోనే బిగించాలని నేర్పుతారు.

అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ సంగతిని కొలిచి, 2006లో ఫలితాలు ప్రకటించారు. లావులోనూ బరువులోనూ తేడాలున్న 10 పనిముట్లు ప్రత్యేకంగా చేయించి, 24 మందిచేత గార తీసే పనిలాంటిదే చేయించారు. చేతి కండరాల శ్రమను, వేళ్ల నొక్కుడును లెక్కగట్టారు. 10 మిల్లీమీటర్ల లావు, 15 గ్రాముల బరువు ఉన్నదానికి అన్నిటికంటే తక్కువ శ్రమ పట్టింది. మరి ఇంకా లావు చేస్తే? 10 దాటాక అదనపు లాభమేమీ కనపడలేదు.

పిడి ఎంత బాగున్నా పదును మొద్దుబారితే మళ్లీ బలం పెట్టక తప్పదు. ఈ మాట మన ఊరి కమ్మరికి ఎవరూ చెప్పనక్కరలేదు!

ఇప్పుడు చాలాచోట్ల కరెంటుతో నడిచే స్కేలర్లు వాడుతున్నారు. అక్కడ గీకే శ్రమ తక్కువే గాని, వెనుక వేలాడే తీగ బరువు చేతిని లాగుతుంది. దాన్నీ వదులుగానే పట్టుకోవాలి.

గార తీయించుకునేవారు పని జరిగేటప్పుడు చటుక్కున తల తిప్పకూడదు. డాక్టరు వేలు ఆనుకున్నది మీ పన్నుమీదే. నొప్పి అనిపిస్తే చెయ్యి ఎత్తుతామని ముందే చెప్పుకుంటే సరిపోతుంది.