మునిగినా బతికే వరి

వరి నీళ్లలో పెరిగే పంటే కానీ, దానికీ ఊపిరి కావాలి. వేర్లు బురదలో, ఆకులు గాలిలో ఉన్నంతసేపూ హాయిగా ఎదుగుతుంది. వరద వచ్చి ఆకు కొసలు కూడా మునిగితే గాలి అందదు, మురికి నీటిలో వెలుతురూ చాలదు. మరి తాను మునిగానని కళ్లు లేని మొక్కకు ఎలా తెలుస్తుంది?

ఇథిలీన్ వల్ల తెలుస్తుంది. కాయలను పండించే హార్మోన్ ఇదే. వాయువు కాబట్టి మొక్క నుంచి వెలువడగానే గాలిలో కలిసిపోతుంది. నీటిలో మాత్రం వాయువులు దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తాయి. బయటికి పోలేని ఇథిలీన్ మొక్కలోనే పేరుకుంటుంది. వరికి అదే వరద కబురు!

నీటి అడుగున మొలకెత్తే గింజ వేరును ఆపి, లేత మొలకను కప్పి ఉంచే తొడుగును ముందుగా పైకి సాగదీస్తుంది. దాని కొస గాలిని తాకితే లోపలి మొలకకు ఊపిరి అందుతుంది.

బంగ్లాదేశ్ లోతునీటి వరిది ఇంకా పెద్ద సాహసం. ఇథిలీన్ పెరగగానే ఎదుగుదలను అదుపు చేసే అబ్సిసిక్ ఆమ్లం తగ్గి, ఎదుగుదలను పెంచే జిబ్బరెలిన్ విజృంభిస్తుంది. కణుపుల మధ్య కాండం సాగి, మొక్క రోజుకు 25 సెంటీమీటర్ల దాకా పెరగగలదు! ఈ పరుగును నడిపే రెండు స్నార్కెల్ జన్యువుల గురించి జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2009లో లోకానికి చెప్పారు.

ఒడిశా నాటు వరి నుంచి ఎంపిక చేసిన ఎఫ్‌ఆర్13ఎ దారి వేరు. అందులో అదే ఇథిలీన్ సబ్1ఎ అనే జన్యువును మేల్కొలుపుతుంది. ఆ జన్యువు జిబ్బరెలిన్‌కు పగ్గం వేస్తుంది. మొక్క ఎదగడం మాని, ఉన్న పిండిపదార్థాన్ని పొదుపుగా వాడుకుంటూ రెండు వారాల దాకా నీటి కింద ఓర్చుకుంటుంది. నీరు తీయగానే మిగిలిన శక్తితో చిగురిస్తుంది. నెలల తరబడి నిలిచే నీటిలో పరుగే ప్రాణరక్ష. వచ్చి పోయే వరదలో ఓర్పే ప్రాణరక్ష.

మన గోదావరి సీమలోని మార్టేరులో పుట్టిన స్వర్ణ రకానికి ఈ ఓర్పును జోడించి స్వర్ణ సబ్1ను తయారుచేశారు. 2009లో అది మన దేశ రైతుల చేతికి వచ్చింది. ఆ జన్యువు కొత్తగా సృష్టించింది కాదు, ముంపు నేలల రైతులు తరతరాలుగా కాపాడిన విత్తనంలోనిదే. మీ ఊళ్లో పాత నాటు వరి గుప్పెడు మిగిలినా పారేయకండి. ఏటా కాస్త విత్తి, దాని వంశం నిలబెట్టండి.