రంగస్థలమున స్త్రీ: సురభి కమలాబాయి

మా అనకాపల్లి ప్రాంతమున గానుగలు నిలిచి, బెల్లపు దిమ్మలు అమ్ముడైన పిమ్మట నలుగురు చేరినచోట నాటకముల ముచ్చట వచ్చుట పరిపాటి. స్థానం నరసింహారావుగారి సత్యభామను తలంపని ముచ్చట యుండదు. ఆయన ప్రతిభను నేను తక్కువ చేయను. కాని పురుషుడు చీర కట్టి వేదిక నెక్కినప్పుడు చప్పట్లు కొట్టిన లోకము, స్త్రీ స్వయముగ నెక్కినప్పుడు ముఖము చిట్లించుకొనుటకు కారణమేమి? పదిమందిలో పాడు స్త్రీకి కుటుంబ గౌరవము లేదని నాటివారు తలంచుటయే కారణము.

ఈ తలంపు మన దేశమునకే చెందినది కాదు. లండను నగరమున మ్యూజిక్ హాలు అను పాటకచేరి మందిరము లుండెడివి. జనులు రుసుము చెల్లించి, తినుచు త్రాగుచు పాటలను, హాస్యమును వినెడివారు. మేరీ లాయిడ్ అను నామె 1885లో పదునైదేండ్ల ప్రాయమున అట్టి వేదిక నెక్కి, పామరజనులకు ప్రాణమయ్యెను. 1907లో చిన్న కళాకారులు సమ్మె చేయగా, తనకు లోటు లేకున్నను, వారి పక్షమున నిలిచెను. అయినను 1912లో రాజుగారి యెదుట జరిగిన ప్రదర్శనమునకు ఆమెను పిలువలేదు.

ఆ 1885లోనే కడప జిల్లా సురభి గ్రామమున వనారస వారు కీచకవధ నాటకము నాడిరి. వారు పూర్వము తోలుబొమ్మలాట వారు. ఆ యాటలో తెరవెనుక స్త్రీపాత్రల మాటలను, పాటలను స్త్రీలే పలుకుదురు. కావుననే తెరముందునకు వచ్చుట వారి యిండ్లలో వింతగా తోపలేదని నా యూహ. తల్లి, కూతురు, కోడలు అందఱును వేషధారులే.

ఆ కుటుంబములలోనే కమలాబాయి జన్మించెను. తల్లి వెంకూబాయి దమయంతి వేషమున నుండగా వేదికమీదనే ప్రసవవేదన కలిగెననియు, ప్రేక్షకులు మొదట అది నటన యనుకొనిరనియు చెప్పుకొందురు. బాల్యముననే కమలాబాయి కృష్ణుడు, ప్రహ్లాదుడు మున్నగు వేషములు ధరించెను. నాడు మైకులు లేవు. హార్మోనియము శ్రుతిని మించి, డేరా చివర నేలమీద కూర్చున్నవానికి గూడ పద్యములోని ప్రతి యక్షరము వినిపింపవలెను. "వన్స్ మోర్" అని కేక వచ్చినచో, చనిపోవు పాత్రయైనను లేచి మరల పాడవలసినదే! ఇది హాస్యాస్పదమే కాని, గొంతునకు ఇంతకు మించిన సాధన వేఱొకటి లేదు.

ఆ సాధనయే ఆమెను బొంబాయికి చేర్చెను. హెచ్. ఎం. రెడ్డిగారు తొలి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద" తీయునప్పుడు సురభి నటులను పిలిపించిరి. కమలాబాయి లీలావతి, మునిపల్లె సుబ్బయ్యగారు హిరణ్యకశిపుడు. ఒకరు నటింప వేఱొకరు పాడు పద్ధతి నాటికి లేదు. కెమెరా యెదుట నటించుచునే పాడవలెను. చందాల కేశవదాసుగారి పాటల నామె అట్లే పాడెను. ఆ చిత్రము 1931 సెప్టెంబరులో విడుదలయ్యెనని చిరకాలము నమ్మిరి. 1932 ఫిబ్రవరి 6 సరియైన తేదీ యని తరువాతి పరిశోధనము తేల్చినది. ఆ యేడే "పాదుకా పట్టాభిషేకము"లో సీత, "శకుంతల"లో శకుంతల వేషములు ధరించెను. పిదప బొంబాయిలో హిందీ చిత్రములలో గూడ నటించెను.

తెలుగు తెరకు తొలి కథానాయిక యైన యామెను తరువాతి తరము వారు వేఱొక రూపమున నెఱుగుదురు. 1951 నాటి "పాతాళభైరవి"లో తోటరాముని తల్లి కమలాబాయియే. ఆమె 1971లో కన్నుమూసెను.