పీటీఎం మందిరంలో అందరికీ ఒక పని ఉండేది

సావనీర్ అచ్చుకు పోతోంది, ‘పరిచర్య’ మీద నాలుగు మాటలు వెంటనే రాసివ్వమన్నారు మన న్యూజెర్సీ సంఘం పెద్దలు. ఆ మాట వినగానే నాకు గుర్తుకొచ్చినవి పెద్దతిప్పసముద్రం (పీటీఎం)లోని మా చిన్న మందిరం, అందులోని ఈతచాపలు. ఆదివారం పొద్దున్నే వాటిని బయటికి తెచ్చి దులిపి పరచడం, కూటం ముగిశాక చుట్టి మూలన నిలబెట్టడం చిన్న పిల్లకాయల పని. కాస్త ఎత్తు పెరిగితే గంట తాడు చేతికొచ్చేది. తర్వాత పాటల పుస్తకాలు పంచడం, కానుక సంచి పట్టడం. మీసాలు రాకముందే వాక్యం చదవమనేవాళ్ళు. దానికి ముందురోజు రాత్రి అవ్వ దగ్గర కూర్చుని ఆ అధ్యాయం గట్టిగా చదివి వినిపించాలి. అవ్వకు అక్షరం రాదు. అయినా నేనెక్కడ తప్పు పలికినా ఆపేది. బైబిలంతా చెవితోనే నేర్చుకున్న మనిషి ఆమె.

అయ్యగారు మదనపల్లె నుంచి బస్సులో నెలకు ఒకటి రెండు ఆదివారాలు వచ్చేవారు. మిగతా ఆదివారాలు ఊళ్ళోవాళ్ళే నడుపుకోవాలి. మా సంఘ పెద్ద సేద్యగాడు. చెనిక్కాయ పెరికే రోజుల్లో ఆయనకు తీరకపోతే ఆయన భార్య ముందుకొచ్చి ప్రార్థన చేసేది. నాకు చేతనవుతుందా అని ఎవరూ ఆలోచించేవాళ్ళు కాదు, చేసేవాళ్ళు లేకపోతే కూటమే జరగదు కాబట్టి.

పిడికెడు బియ్యం సంగతి మీలో చాలామందికి తెలుసు. మా ఇళ్ళలో బియ్యం పండగలకే గనక పిడికెడు రాగులు. విసరడానికి గంపలోంచి రాగులు తీసేటప్పుడు మొదటి పిడికెడు అవ్వ వేరే కుండలో వేసేది. నెలాఖరులో స్త్రీల మైత్రి వాళ్ళు వచ్చి కొలుచుకు పోయేవాళ్ళు. మా మందిరానికి పెట్రోమాక్స్ లైటు ఆ రాగుల డబ్బుతోనే వచ్చింది. చివరి రోజుల్లో అవ్వకు చూపు పోయింది. వేళ్ళతో కుండ అంచు తడుముకుని, గింజ కింద పడకుండా పిడికిలి లోపలికి దించి విప్పేది. మందిరానికి నడవలేకపోయినా, ఏ ఇంట్లో ఎవరికి జ్వరమో, ఎవరి కొడుకు బెంగళూరు పోయాడో అడిగి తెలుసుకుని పేరుపేరునా ప్రార్థించేది. బాలుడు సమూయేలు, వృద్ధురాలు అన్న ఇద్దరూ దేవుని మందిరంలోనే ఉండేవారని వేదంలో చదివినప్పుడు అది మా ఊరి ముచ్చటే అనిపించేది.

మా అయ్యగారు వచ్చే ఆ మదనపల్లె గురించి న్యూజెర్సీలో ఉన్న మనం పిల్లలకు తప్పక చెప్పాల్సిన సంగతి ఒకటుంది. అక్కడ మిషనరీగా పనిచేసిన జేకబ్ చేంబర్లిన్ గారు వేదశాస్త్రం చదివింది మనకు దగ్గర్లోనే, న్యూబ్రన్స్‌విక్ సెమినరీలో. వైద్యం కూడా నేర్చుకుని, ఆర్కాటు మిషన్ తరఫున 1863లో మదనపల్లె చేరేనాటికి ఆయనకు ముప్ఫై ఏళ్ళు నిండలేదు. తెలుగు నేర్చుకుని, తెలుగు బైబిలు సవరణ సంఘానికి ఏళ్ళ తరబడి అధ్యక్షుడిగా ఉండి, 1908లో డెబ్బై దాటాక అదే మదనపల్లెలో కన్నుమూశారు. ఎడిసన్ నుంచి కారులో కాసేపటి దూరంలో ఉన్న ఆ సెమినరీని మన యువజనులు ఎంతమంది చూశారు? మనం తెలుగునాట నుంచి ఇక్కడికి వచ్చాం, ఆయన ఇక్కడినుంచి తెలుగునాటికి వెళ్ళారు. ఒక్క శనివారం పిల్లల్ని తీసుకెళ్ళి ఈ కథ ఆ సెమినరీలోనే చెప్పాలని నా కోరిక.

మళ్ళీ మా ఊరి సంగతికొస్తే, క్రిస్మస్‌కు మా మందిరంలోని పెద్ద పిల్లలు ఆరోగ్యవరం వెళ్ళేవాళ్ళు. 1912లో క్షయరోగుల కోసం పలు మిషన్లు కలిసి మొదలుపెట్టిన శానిటోరియం అది. వార్డుల బయట నిలబడి పాడాలి. లోపలివాళ్ళు కనిపించకపోయినా, పాట ఆగితే దగ్గు వినిపించేది. ఆ దగ్గు విన్న పిల్లవాడికి పరిచర్య అంటే ఏమిటో ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇక్కడ మనకు ఆదివారం మధ్యాహ్నం అద్దెకు తీసుకున్న చర్చి, మెత్తటి బెంచీలు, తెర మీద పాటలు ఉన్నాయి. అన్నీ సవ్యంగా జరగాలని చేయగలిగినవాళ్ళకే పనులిస్తున్నాం. పిల్లలు కింది అంతస్తులో ఇంగ్లీషు క్లాసుకు పోతారు, ఊరి నుంచి ఆరునెలలకు వచ్చిన అమ్మానాన్నలు వెనక వరుసలో శాలువా కప్పుకుని కూర్చుంటారు. ఆ ఇద్దరి చేతులూ ఖాళీ. పద్దెనిమిదేళ్ళకు కాలేజీకి వెళ్ళిన పిల్లలు మళ్ళీ రావడం లేదని బాధపడుతున్నాం. వాళ్ళు లేకపోతే ఆగిపోయే పని ఇక్కడ ఒక్కటైనా ఉంటే వచ్చేవాళ్ళని నా నమ్మకం.

అలా జరిగిందీ చూశాను. తెర మీద పాటలు మార్చే పని మనలో పన్నెండేళ్ళ పాపకు అప్పగించారు. ఎప్పుడు మార్చాలో తెలియాలంటే పాట ఎక్కడిదాకా వచ్చిందో తెలియాలి కదా! ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న తెలుగుతో మొదలుపెట్టి, ఇప్పుడు పురుషోత్తమ చౌదరి గారి కీర్తనను తెలుగు లిపిలోనే చూస్తూ మారుస్తోంది. పిడికెడు బియ్యం కూడా పోలేదు, ఫుడ్ ప్యాంట్రీకి పిల్లలు తెచ్చే డబ్బాలయింది. ఆ డబ్బాలు వాళ్ళే మోయాలి, వాళ్ళే అందించాలి. దయచేసి మనం మోసి పెట్టొద్దు.

పెద్దవాళ్ళ విషయంలో కూడా ఆలస్యం చేయకండి. వేసవికి మీ అమ్మానాన్నలు వస్తున్నారంటే, టికెట్టు కొన్న రోజే సండేస్కూలు టీచర్లకు చెప్పండి. తెలుగులో ఒక కథ, ఒక పాట, మధ్యలో అర్థం చెప్పడానికి పక్కన ఒక మనవడో మనవరాలో ఉంటే చాలు. జూన్, జూలై నెలల్లో నాలుగు ఆదివారాలు అందుకే ఖాళీగా ఉంచమని అడిగాను, సరేనన్నారు. పేర్లు ఇవ్వాల్సింది మనమే.