అలంకారానికి కొంటే అసలుకే మోసం

అమెరికాలో పాత సామాన్లు అమ్మే సంతల్లో అప్పుడప్పుడు ఓ గుండ్రటి గాజు బుడ్డి కనిపిస్తుంది. నిండా ద్రవం, గోడకు తగిలించే కొక్కెం. చూడముచ్చటగా ఉంటుంది. నిజానికి అది మంట ఆర్పడానికి, మంటల్లోకి విసిరి పగలగొట్టేందుకు చేసింది.

19వ శతాబ్దంలో వీటిలో ఎక్కువగా ఉప్పునీళ్లే పోసేవారు. తర్వాత వచ్చిన రెడ్ కామెట్ లాంటి బ్రాండ్ల బుడ్లలో కార్బన్ టెట్రాక్లోరైడ్ నింపారు. మంట ఆర్పడంలో అది మొనగాడే. కానీ ఆ ఆవిరి పీలిస్తే కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. బాగా వేడెక్కితే ఫాస్జీన్ పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వదిలిన విషవాయువు అదే! ఇంటి రక్షణకని జనం ఈ బుడ్లను ఏరికోరి కొనుక్కున్నారు మరి.

1970లో అమెరికా, ఇళ్లలో వాడే సరుకుల్లో కార్బన్ టెట్రాక్లోరైడ్‌ను నిషేధించింది. పాత బుడ్లు మాత్రం అటకల మీదే ఉండిపోయాయి.

లేబుల్ లేని బుడ్డిని విషంగానే లెక్కగట్టాలి. సింకులో ఒంపకుండా, పగలకుండా ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి అప్పగించాలి.