గుండె ఆగింది సరే, ఎందుకాగింది?

కోనసీమలో పరామర్శకు వెళ్ళినవారెవరయినా వినే మాట ఒకటుంది. అమలాపురం కానివ్వండి, రాజోలు కానివ్వండి, కొత్తపేట కానివ్వండి, ఏ ఊరయినా ఒకటే. అరుగుమీద కూర్చున్న పెద్దమనిషి "ఏమయిందండీ?" అని అడుగుతాడు. "ఏముందండీ, గుండె ఆగిపోయింది" అంటాడు కొడుకు. అందరూ తలలూపుతారు. సంగతి అక్కడితో సరి.

కాని, ఒక్క క్షణం ఆలోచించండి. గుండె ఆగకుండా పోయినవారెవరయినా ఉన్నారా? పాము కరిచి పోయినా, క్షయతో పోయినా, నూరేళ్ళు నిండి పోయినా చివరకు ఆగేది గుండే కదా! "గుండె ఆగింది" అనటం "దీపం ఆరింది" అనటం వంటిది. చమురు నిండుకున్నదా, గాలి కొట్టిందా అన్న సంగతి అందులో లేదు.

ఈ చిక్కు ప్రభుత్వానికి తెలియనిది కాదు. 1969లో వచ్చిన జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం క్రింద డాక్టర్లు మరణ కారణాన్ని ధ్రువీకరించే ఫారం ఒకటి ఉంది. చావు ఏ తీరున వచ్చిందో, అంటే "హార్ట్ ఫెయిల్యూర్" వంటి మాట, వ్రాయవద్దనీ, చావుకు దారి తీసిన జబ్బును వ్రాయాలనీ ఆ ఫారంలోనే అచ్చువేశారు. అయినా ఆ మాట వ్రాయటం తేలిక గనుక కలం అటే పోతుంది.

ఇక్కడ మరొక పొరపాటు కూడా ఉంది. హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె ఆగిపోవటం కాదు. గుండె చాలినంత పని చేయలేకపోవటం. కోనసీమ రైతుకు దీనిని వేరే విప్పి చెప్పనక్కరలేదు. సముద్రపు ఒడ్డున మొగ పూడిపోతే మురుగుకాలువ నీరు వెనక్కు తన్ని చేలల్లో నిలుస్తుంది కదా! గుండె నెత్తురును ముందుకు తోయలేనప్పుడు జరిగేది కూడా అదే. నీరు ఊపిరితిత్తుల్లో చేరితే ఆయాసం, కాళ్ళలో చేరితే వాపు. రాత్రివేళ వెల్లకిలా పడుకోలేక తలక్రింద రెండు మూడు దిండ్లు పెట్టుకుంటారు. సరైన మందులతో, ఉప్పు తగ్గించుకుని, ఇలాంటి స్థితిలో ఏళ్ళ తరబడి బ్రతికేవారున్నారు. అయితే చేను మునిగిందని తెలిస్తే చాలదు. ఎక్కడ పూడిందో తెలియాలి.

అది తెలుసుకోవటానికి ప్రపంచమంతా ఒక పట్టీ పెట్టుకున్నది. 1893లో చికాగోలో జరిగిన గణాంక శాస్త్రజ్ఞుల సభలో ఫ్రెంచివాడు జాక్ బెర్తియోఁ మరణ కారణాల జాబితా ఒకటి సమర్పించాడు. 1948లో దాని ఆరవ సవరణతో ఆ బాధ్యత ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతికి వచ్చింది. పదకొండవ సవరణ 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది గాని, చాలాకాలం లోకమంతా వాడినది పదవ సవరణ. అందులో ప్రతి జబ్బుకూ ఒక అక్షరం, ఒక అంకె. దానినే కోడు అంటారు.

ఆ పట్టీలో హార్ట్ ఫెయిల్యూర్‌కు ఐ 50 అని కోడు. దానిలో మూడు అరలున్నాయి. నీరు చేరే వైఫల్యానికి 0, ఎడమ జఠరిక వైఫల్యానికి 1, వివరం లేనిదానికి 9. కోడు వేసే గుమాస్తా రోగిని చూడడు; డాక్టరు వ్రాసిన మాట మాత్రమే చూస్తాడు. ఉత్త "హార్ట్ ఫెయిల్యూర్" అని వ్రాస్తే ఆ కాగితం తొమ్మిదో అరలో పడుతుంది. పేరయితే ఉంది, కబురు లేదు!

ఇప్పుడు ముగ్గురు మనుషులను ఊహించుకోండి. ముగ్గురికీ కాళ్ళు వాచాయి, ముగ్గురికీ ఆయాసం. మొదటివానికి ఏళ్ళ తరబడి రక్తపోటు. కోడు ఐ 11.0. రెండవ ఆమెకు చిన్ననాడు కీళ్ళ జ్వరం వచ్చి గుండె కవాటం ఇరుకయింది, ఐ 05.0. మూడవవానికి ఆహారంలో థయమిన్ అనే విటమిన్ లేక బెరిబెరి వచ్చింది. అది గుండెజబ్బుల అధ్యాయంలోనే ఉండదు, పోషణలోపాల అధ్యాయానికి పోయి ఇ 51.1 అవుతుంది. వాపు ఒకటే, చిరునామాలు మూడు. ఒకరికి రోజూ మాత్ర కావాలి, ఒకరికి కవాటానికి చికిత్స కావాలి, ఒకరికి అన్నం మారాలి.

బెరిబెరి మనకు పరాయిది కాదు. గోదావరి ప్రాంతం కూడా చేరి ఉన్న ఉత్తర సర్కారులలో ఆ జబ్బు ఒకనాడు పాతుకుపోయి ఉండేది. మాల్కమ్‌సన్ అనే వైద్యుడు దానిమీద వ్రాసిన గ్రంథం 1835లోనే మద్రాసులో అచ్చయింది. ఆ జబ్బును విడిగా పోల్చి పేరుపెట్టి ఉంచారు గనుకనే, తరువాతివారు దాని మూలాన్ని తవుడు పోయేలా మరపట్టిన తెల్లబియ్యంలో పట్టుకోగలిగారు.

మరి ఇంట్లోనే పోయినవారి మాటేమిటి? దీనికి జవాబు ఉభయగోదావరులలోనే దొరికింది. 2003-04లో "ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనీషియేటివ్" అనే పథకం క్రింద 45 గ్రామాలలో, 1,80,162 మంది జనాభాలో, ఏడాదిపాటు జరిగిన మరణాలన్నీ వ్రాసుకున్నారు. మొత్తం 1,354. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి, చివరి రోజుల్లో ఆయాసం ఉన్నదా, నొప్పి ఎక్కడ వచ్చింది అని అయినవారిని అడిగారు. ఆ జవాబులను ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చదివి కారణం నిర్ణయించారు. పొసగకపోతే మూడవ డాక్టరు తేల్చాడు. ఫలితం చూసి పెద్దలే ఆశ్చర్యపోవలసి వచ్చింది. పల్లెల్లో అంటువ్యాధులే ఎక్కువ అనుకుంటాం కదా! అవి నూటికి 12. గుండె, రక్తనాళాల జబ్బులు నూటికి 32. అందరూ "గుండె ఆగింది" అని ఊరుకుని ఉంటే, అందులో గుండెపోటు పాలెంత, పక్షవాతం పాలెంత అన్నది తేలేదే కాదు.

ఇక మనం చేయవలసినదేమిటి? 2023 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం, ఆస్పత్రిలో మరణం సంభవిస్తే, అది ప్రభుత్వానిది గాని ప్రయివేటుది గాని, మరణ కారణ పత్రం నకలు దగ్గరి బంధువుకు ఇవ్వాలి. మామూలు మరణ ధ్రువపత్రంలో కారణం ఉండదు గనుక ఈ నకలు విలువైనది. అందుకోండి, చదవండి. "హార్ట్ ఫెయిల్యూర్" ఒక్కటే కనిపిస్తే, "దేనివల్లనండీ?" అని మర్యాదగా అడగండి. అంతకన్న ముందే, మనిషి బ్రతికి ఉండగానే, పాత చీటీలూ ఎకో రిపోర్టులూ ఒక సంచిలో దాచండి. బి.పి., చక్కెర, చిన్ననాటి కీళ్ళ జ్వరం ఉంటే డాక్టరుకు దాచకుండా చెప్పండి.

ఆ అరుగుమీద కొడుకు, "పదేళ్ళనుంచి బి.పి. ఉందండీ. మాత్ర వేసుకోమంటే వినేవారు కాదు. గుండె దానితోనే దెబ్బతింది" అన్నాడనుకోండి. వినవచ్చిన పదిమందిలో ఒకరయినా ఇంటికి పోయేదారిలో డాక్టరు దగ్గర ఆగి, చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటారు.