నవంబరు 1వ తేది: దినాధికరణ విచారము

సంవత్సరములు వేఱైనను మాసమును దేదియు నొక్కటియైన సంఘటనములను వరుసగాఁ గూర్చి చూపుట పత్రికలయందును బాఠశాలలయందును బరిపాటియైనది. "ఈ దినమున నిట్టిది జరిగినది" యను వాక్యము బాలుర చెవికి హృద్యము, జ్ఞాపకమునకు సులభము. కాని యా వాక్యములోని దినశబ్దమున కర్థమేమి, సప్తమీవిభక్తి యెట్టి సంబంధమును దెలుపుచున్నది యను ప్రశ్నలు తఱచుగా విచారింపఁబడవు. ఆ విచారణము లేక కూర్చిన వరుస జ్ఞాపకమునకుఁ జాలునేమో గాని చరిత్రకుఁ జాలదు. నవంబరు 1వ తేదిని ఖమ్మము, భద్రాచలముల నడిమి యరణ్యసీమనుండి చూచినచో నీ విషయము స్పష్టమగును. ఆ సీమ చుట్టునున్న రాష్ట్రముల యెల్లలు 1956లో నొకమాఱు, 2000లో నొకమాఱు ఆ తేదినే మాఱినవి.

సీమయొక్క పూర్వస్థితి ముందు దెలియవలెను. భద్రాచలము గోదావరికి నుత్తరపు టొడ్డున నున్నది. దక్షిణపు టొడ్డున బూర్గంపాడు, పాల్వంచ. వానికి వెనుక ఖమ్మము. ఉభయతీరములును బూర్వము నిజాము రాజ్యములోనివే. 1860వ సంవత్సరపు సంధిచే నుత్తరతీర మాంగ్లేయుల యధీనమయ్యెను. భద్రాచల ప్రాంతము మధ్యపరగణాలలోని యెగువ గోదావరి జిల్లాలోఁ జేరి, 1874లో మదరాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మాఱెను. దక్షిణతీరము నిజాము రాజ్యముననే నిలిచెను. ఇట్లు విడిపోయిన పిమ్మట నది దాఁటినచో రాజ్యమే కాదు, తేదియు మాఱెడిది. దక్షిణతీరపుఁ గచ్చేరీలలో ఆజూరు, దై, బహమను మొదలగు మాసములు గల ఫసలీ సంవత్సరము నడచుచుండెను. అది యక్టోబరు మాసమున నారంభమగును. ఉత్తరతీరమున నాంగ్లేయ మాసములు. శిస్తు లెక్కలకు మాత్రము జూలై 1వ తేదిని మొదలగు వేఱొక ఫసలీ. ఇవి గాక దేవాలయమునకుఁ బంచాంగ తిథి. కోయలకు విత్తనాల పండుగ, కొత్తల పండుగ మొదలగువానికి నూరి పెద్దలు నిర్ణయించిన దినమే దినము. ఒక్క సూర్యోదయమున కిన్ని గణనములున్న చోట "ఆ దినము" అనుట సులభమైన మాట గాదు.

దినముయొక్క యవధిని నిర్ణయించు నావశ్యకత వ్యాకరణమునకు సైతము గలిగినది. లఙ్ లకారము అనద్యతన భూతమున విహితము. కావున అద్యతన మనఁగా నెంత కాలమో తెలియవలెను. కాశికావృత్తియం దీ విషయమున రెండు మతములు చెప్పఁబడినవి. న్యాయమైన మేల్కొనువేళ మొదలుకొని న్యాయమైన పరుండువేళ వఱకు నద్యతన మని యొకటి. ఇరువైపుల నర్ధరాత్రము లవధిగాఁ గల దిన మద్యతన మని రెండవది. నేఁటి తేది యీ రెండవ మతముతో సరిపోవుచున్నది. పంచాంగమున వారము సూర్యోదయమునఁ బ్రారంభమగును. తిథియో, చంద్రుఁడు సూర్యునినుండి పండ్రెండు భాగలు దూరమగు కాలము గనుక, పగటనో రాత్రియందో యెప్పుడైనను మాఱును.

ఈ భేదము పండితుల వాదమునకు మాత్రమే సంబంధించినది గాదు. 1952లో అమెరికా సంయుక్తరాష్ట్రములవారు పసిఫిక్ మహాసముద్రములోని ఎనెవెటాక్ అను పగడపు దీవియందు మొదటి పెద్ద హైడ్రోజను విస్ఫోటనమును జరిపిరి. అచ్చట నప్పుడు నవంబరు 1వ తేది యుదయము 7 గంటల 15 నిమిషములు. గ్రీనిచ్ కాలమునను అమెరికాయందును నింకను అక్టోబరు 31వ తేదియే. భారతదేశ కాలమున నర్ధరాత్రము దాఁటి 45 నిమిషములైనది. కావునఁ దేదినిబట్టి నవంబరు 1, శనివారము. పంచాంగమునుబట్టి యింకను శుక్రవారము. ఇట్లే 1755లో లిస్బను నగరమును బడఁగొట్టిన భూకంపము పోర్చుగలులో నవంబరు 1వ తేది; ప్రాఁత లెక్కను విడువని రష్యాదేశమున నదియే అక్టోబరు 21. ఒక్క సంఘటనము రెండు తేదులయం దుండవచ్చునన్నప్పుడు, రెండు సంఘటనము లొక్క తేదియం దున్నవని చెప్పువాఁడు తన మానమేదో తెలుపక తప్పదు.

మానము నిర్ణీతమైనదనుకొందము. అంతట సప్తమి యర్థము విచార్యము. "నవంబరు 1న జరిగెను" అన్నప్పుడు దిన మధికరణము. అధికరణ మనఁగాఁ గ్రియకుఁ గర్తృకర్మల ద్వారా యాధారమైనది. ఆధారము హేతువు గాదు. కాలము జన్యములకెల్ల నాధారమనియు, సాధారణ కారణ మనియు నైయాయికులు చెప్పుదురు. అన్నింటికిని సాధారణమైనది యే యొక్కదానికిని విశేష కారణము గానేరదు. కావున రెండు సంఘటనము లొక్క తేదియం దుండుటచేతనే వానికి సంబంధము సిద్ధింపదు.

అయినను ఆధారమంతయు నొక్క విధము గాదు. వ్యాఖ్యాతలు దానిని మూఁడు విధములుగా విభజించిరి. చాపపైఁ గూర్చుండుటలోఁ జాప ఔపశ్లేషికము; అనఁగా సంయోగమాత్రము. మోక్షమునం దిచ్ఛ యన్నప్పుడు మోక్షము వైషయికము. ఇచ్ఛ దాని నుద్దేశించియే పుట్టినది. నువ్వులలో నూనె యన్నప్పుడు నువ్వులు అభివ్యాపకము. నూనె లేని చోటు వానిలో లేదు. నవంబరు 1వ తేది సంఘటనములను ఈ మూఁటిచే వేఱుపఱుపవచ్చును.

1956 నవంబరు 1న హంగరీదేశ ప్రధాని ఇమ్రె నాజ్, వార్సా కూటమినుండి తమ దేశము వైదొలఁగుచున్నదనియుఁ దటస్థముగా నుండుననియుఁ బ్రకటించెను. ఆ దినముననే హైదరాబాదునగరమున ఆంధ్రప్రదేశ రాష్ట్రము ప్రారంభమై, నీలం సంజీవరెడ్డి ప్రథమ ముఖ్యమంత్రి యయ్యెను. ఈ రెంటికిని దినము చాపవంటిది. ఇరువు రొక్క చాపపైఁ గూర్చుండినంతమాత్రమున బంధువులు గారు. ఈ సీమకే చెందిన మఱియొక నిదర్శనము గలదు. 1953 అక్టోబరు 1న మదరాసు రాష్ట్రమునుండి విడివడి ఆంధ్రరాష్ట్ర మేర్పడెను. భద్రాచల మందుఁ జేరెను. ఆ దినముననే నదికి దక్షిణమున వరంగల్లునుండి వేఱై ఖమ్మము జిల్లా పుట్టెను. ఒక్క యుత్తరువుచే నుభయతీరములు మాఱిన ట్లిది తోఁచును. కాని మొదటిది పార్లమెంటు చేసిన శాసనముయొక్క ఫలము. రెండవది హైదరాబాదు రాష్ట్రములోని జిల్లా విభజనము.

వైషయికమునకుఁ బ్రధానోదాహరణము 1956వ సంవత్సరపు రాష్ట్రముల పునర్వ్యవస్థయే. ఆ శాసనము నవంబరు 1వ తేదిని నియత దినముగా ముందే నిర్ణయించినది. దానిచే దేశమునఁ బదునాలుగు రాష్ట్రములును, ఆఱు కేంద్రపాలిత ప్రాంతములును నిలిచెను. హైదరాబాదు రాష్ట్రము మూఁడు భాగములై తెలంగాణము ఆంధ్రప్రదేశమునను, మరాఠ్వాడ బొంబాయిలోను, కన్నడ జిల్లాలు మైసూరులోను జేరినవి. కేరళ, మైసూరు, మధ్యప్రదేశములు సైత మా దినమే నూతన రూపము దాల్చినవి. ఇందలి యైక్యము యాదృచ్ఛికము గాదు. ఒక్క శాసన మొక్క దినము నుద్దేశించి వీని నన్నింటిని నడపినది. భద్రాచలమునకు నుత్తరమున నున్న బస్తరు మాత్ర మప్పటికే మధ్యప్రదేశమున నుండెను. మధ్యప్రదేశమునుండి బస్తరుతోఁగూడ ఛత్తీస్‌గఢ్ 2000వ సంవత్సరమున వేఱైనప్పుడు సైతము నవంబరు 1వ తేదియే నియత దినమయ్యెను. విక్టోరియా రాణి ప్రకటన అలహాబాదునఁ జదువఁబడిన 1858 నవంబరు 1వ తేదియు నీ తరగతిలోనిదే. అదియుఁ బ్రభుత్వము కోరి యేర్పఱచిన దినము.

అభివ్యాపకమునకు లిస్బను భూకంపము నిదర్శనము. ఆ దినము క్రైస్తవులకు సకల పునీతుల పండుగ. ఉదయమున జనులు దేవాలయములయందు గుమిగూడి యుండిరి. ఎల్లెడలఁ గొవ్వొత్తులు వెలుఁగుచుండెను. భూమి కంపించుటకుఁ బండుగ హేతువు గాదు. కాని కప్పులు గూలి యందఱు మడియుటకును, దీపములు పడి నగరము దగ్ధమగుటకును బండుగ తోడ్పడెను. అనంతరము సముద్రము పొంగి తీరమును ముంచినది. ఇట దినముయొక్క స్వభావము విపత్తునందంతటను వ్యాపించియున్నది. వేఱొక దినమున నైనచో భూకంప మదియే యయినను నాశ మంత యగునా యనుట సందేహమే.

ఇఁక నీ విభాగము నెఱిఁగినవాఁడు సైతము జాగరూకుఁడు గావలసిన చోటొకటి కలదు. 1954 నవంబరు 1న గోదావరి ముఖద్వారమునందలి యానాము, పుదుచ్చేరి, కారైకాలు, మాహేలతోఁగూడ ఫ్రెంచివారి పాలననుండి భారతదేశ పాలనమునకు వచ్చెను. ఆ దినముననే ఆల్జీరియాయందు ఫ్రెంచి ప్రభుత్వముపై జాతీయ విముక్తి దళముల తిరుగుబాటు మొదలయ్యెను. మొదటిది సంధి మాటలచే నిర్ణీతమైన దినము. రెండవది విప్లవకారులు తమలోఁ దాము నిర్ణయించుకొన్న దినము. కావునఁ జూచుటకు నిది చాపపై నిరువురు గూర్చుండుటయే. కాని యా యేఁటి మే మాసముననే వియత్నామునందు దియెన్ బియెన్ ఫూ కోట పడిపోయెను; ఫ్రెంచి సామ్రాజ్యము సడలుచుండెను. ఆ సడలుటయే యొకచోట నొప్పుదలగాను, వేఱొకచోట యుద్ధముగాను బరిణమించినది. మఱియు యానాము మొదలగువానిని శాశ్వతముగా నప్పగించు సంధి 1956లోనే వ్రాయఁబడినను, ఆల్జీరియా 1962లో స్వతంత్రమైన పిమ్మటఁగాని ఫ్రెంచి శాసనసభ దాని నామోదింపలేదు. 1962 ఆగస్టు 16న నది యమలునకు వచ్చెను. ఇట్లు ఔపశ్లేషికమని తోఁచిన దానియందు లోఁతైన సంబంధము బయల్పడినది. ఆ సంబంధమును దెలిపినది తేది గాదు. తేదికి ముందు వెనుకల నడచిన వృత్తాంతము.

తేదియొక్క స్వరూపమును సరిగాఁ జెప్పుట యీ సీమలోనివారికి గ్రామముయొక్క స్థితికే సంబంధించినది. 1956లో భద్రాచలము, ఖమ్మము లొక్క రాష్ట్రమునఁ జేరినను జిల్లాలు వేఱుగానే యుండెను. 1959లో భద్రాచలము, నూగూరు తాలూకాలు తూర్పుగోదావరినుండి ఖమ్మము జిల్లాకు మాఱినవి. 2014 జూన్ 2వ తేది తెలంగాణ రాష్ట్రమునకు నియత దినము. దానికి నాలుగు దినములు ముందు, మే 29న, పోలవరము జలాశయముచే మునుఁగు ప్రాంతముల విషయమై యొక ఆర్డినెన్సు వెలువడెను. తఱువాతఁ బార్లమెంటు దానికి బదులు శాసనము చేసెను. వానిచే చింతూరు, కూనవరము, వరరామచంద్రాపురము, కుక్కునూరు, వేలేరుపాడు మండలములును, బూర్గంపాడులోఁ గొంత భాగమును, పట్టణము తప్ప భద్రాచల మండలమును ఆంధ్రప్రదేశమునఁ జేరినవి. ఈ గ్రామములు జూన్ 2వ తేది వచ్చునప్పటికే విభజన రేఖ కావలివైపునకుఁ బోయినవి గనుక, శాసనదృష్టిని దెలంగాణ రాష్ట్రమునఁ జేరనే లేదు. "ఖమ్మము జిల్లా యంతయు 2014 జూన్ 2న తెలంగాణమునఁ జేరినది" యని వ్రాయువాఁ డొక్క వాక్యముచే నీ గ్రామములన్నింటి వృత్తాంతమును దప్పుగాఁ జెప్పినవాఁడగును. నేఁడు భద్రాచలమునుండి కోయలు నివసించు గ్రామములగుండ కుంటకుఁ బోవువాఁడు తెలంగాణమున బయలుదేఱి, ఆంధ్రప్రదేశమును దాఁటి, ఛత్తీస్‌గఢ్‌లోఁ బ్రవేశించును. అడవియు నొక్కటే, కోయల బంధుత్వములు నొక్కటే. ఎల్లలు మాత్రము వేఱువేఱు తేదులచే గీయఁబడినవి.

తిథినిఁ గోరి దినము నిర్ణయించుటయు నిచ్చట జరిగినది. 2016లో తెలంగాణ ప్రభుత్వము విజయదశమినాఁడు నూతన జిల్లాలను బ్రారంభించెను. భద్రాద్రి కొత్తగూడెము జిల్లా యందొకటి. ఆ సంవత్సరము విజయదశమి అక్టోబరు 11. మఱుసటి సంవత్సరము సెప్టెంబరు 30. తేది పట్టికలో నిది అక్టోబరు 11 క్రిందనే నిలుచును. కాని యా దినము కోరఁబడుటకుఁ గారణము దశమి గాని పదునొకండవ తేది గాదు. ఆ సంగతి చెప్పని పట్టిక హేతువును దాఁచినట్లగును.

కావునఁ బాఠశాలా పండితులు దినవృత్తాంతములను బోధించుట మానవలసిన పనిలేదు. మూఁడు ప్రశ్నలు దానికిఁ జేర్చినఁ జాలును. ఈ దిన మే మానముచేఁ జెప్పఁబడినది? ఈ దినము కోరఁబడినదా, తటస్థించినదా, సంఘటనమునందు వ్యాపించినదా? దీనికి ముందు వెనుకల నేమి జరిగినది? ఈ మూఁటికిని సమాధానము చెప్పఁగలిగిన విద్యార్థి నవంబరు 1వ తేది క్రింద నాలుగు సంగతులే యెఱిఁగినను, నలువది సంగతులు వల్లించువానికంటెఁ జరిత్ర నధికముగా నెఱిఁగినవాఁడగును.